నిండు సీసాలు

మా ఇంట్లో నడకంటే ఎవరికీ గౌరవం లేదు. గాడిద లేనివాడు నడుస్తాడు, పడవ ఇంజను చెడిపోయినవాడు నడుస్తాడు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా నా కూతురు సబ్రీన్ ఒక సాయంత్రం అందరం పళ్ళెం చుట్టూ కూర్చున్నాక, "పండగ మర్నాడు మనమంతా అవతలి ఒడ్డున నడుస్తున్నాం. పొద్దుట్నించి సాయంత్రం దాకా," అంది.

"నా పడవకేం రోగమొచ్చింది?" అన్నాను.

"పడవలో అవతలికి వెళ్తాం నాన్నా. అక్కణ్నించి నడక. రేవు నుంచి ఒంటె మెడ దాకా, మళ్ళీ వెనక్కి."

మా అమ్మ జకియ్యా రొట్టె తుంచడం ఆపేసింది. "ఎవరు పోయారే?" అని భయంగా అడిగింది. అంత దూరం జనం కలిసి నడిచేది శవం వెనకాలే అని ఆమె లెక్క.

సబ్రీన్ నవ్వలేదు. ఇది ఆట కాదని నాకప్పుడే అర్థమైంది.

కారూన్ సరస్సుకి ఇటువైపు మేమూ, మా పొలాలూ, మా గోలా. అటువైపు ఎడారి. నీళ్ళ అంచునే నల్లరాళ్ళ మధ్య ఒక సన్నటి బాట సాగుతుంది. ఆ బాట చివర నీళ్ళ మీదికి వంగిన రాయే ఒంటె మెడ. ఈ మధ్య కైరో నుంచి జనం పనిగట్టుకుని వచ్చి మరీ ఆ బాటన నడుస్తున్నారు, వాళ్ళకేం పోయేకాలమో. వచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. దారి చూపించడానికి ఆడమనిషి ఉంటే బాగుండునంటున్నారు. అందుకని ఆ ఎడారిని కాపాడే ఆఫీసు వాళ్ళు ఒక అమ్మాయిని పనిలోకి తీసుకుంటామన్నారు. షరతు ఒక్కటే. ముగ్గురిని వెంటబెట్టుకెళ్ళి, ఒంటె మెడ తాకించి, పొద్దు గూకేలోగా క్షేమంగా తిరిగి తీసుకురావాలి. ఆఫీసు మనిషి కూడా వెంట నడిచి చూస్తాడు.

సబ్రీన్ చిన్నప్పుడు నాతో పడవలో వచ్చేది. నేను వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటే అది ఆ ఒడ్డంతా చుట్టొచ్చేది. ఏ రాయి నీడ ఏ వేళకి ఎటు పడుతుందో దానికి తెలుసు. అలాంటి పిల్ల రెండేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కూర్చుని చొక్కాలు కుట్టింది. తెల్లారకముందే బస్సు, చీకటి పడ్డాక ఇల్లు. ఆ దూది దుమ్ముకి దగ్గు పట్టుకుంది. దగ్గు ముదిరి చలికాలంలో మానేసింది. ఈ పని రాకపోతే మళ్ళీ ఆ బస్సే, ఇంకో దారి లేదు. గోడ అవతల అది దగ్గుతుంటే ఇవతల నా ప్రాణం పోయినట్టుండేది.

నడుస్తామని మాటిచ్చిన స్నేహితురాళ్ళు ముగ్గురున్నారు. ఒకతెకి పెళ్ళి కుదిరింది, కాబోయే అత్తగారు ఎండలో తిరిగితే నల్లబడతావంది. ఆమె మానేసిందని మిగతా ఇద్దరూ మానేశారు. ఇక మిగిలింది నేనూ, నా భార్య ఇన్షిరా, మా అమ్మ.

సబ్రీన్ చాప మీద ఒక నీలం గుడ్డ పరిచి, ఇదీ సరస్సు అంది. దాని అంచున ఆలివ్ గింజలు పేర్చింది. "ఇది రేవు. ఇక్కడ మొదటి ఆగుడు, పెద్ద రాయి నీడలో. ఇది రెండోది. ఇక్కడ ఇసక మెత్తగా ఉంటుంది, మెల్లగా నడవాలి. ఇదిగో, ఇది ఒంటె మెడ. ఒక్కొక్కరికి ఒక్కటే సంచి. అందులో రెండు పెద్ద సీసాల నీళ్ళు, రొట్టె, జున్ను, ఖర్జూరం, దోసకాయలు."

"తర్వాత?" అంది ఇన్షిరా.

"తర్వాతేముంది, అంతే."

"అంతేనా! ఆఫీసు సారు మనతో వస్తుంటే ఆయన చేతిలో జున్నుముక్క పెడతావా? నేను ఊళ్ళో తలెత్తుకు తిరగాలా వద్దా? ద్రాక్షాకుల్లో అన్నం చుడతాను. రెండు బాతులు కాలుస్తాను. కెటిలూ స్టవ్వూ ఉంటే టీ అక్కడే పెట్టుకోవచ్చు."

"స్టవ్వు నెత్తిన పెట్టుకుని నడుస్తావా అమ్మా?"

"మీ నాన్న మోస్తాడు."

"వాడి పొట్ట మోసుకోడానికే వాడికి ఊపిరాడదు," అంది మా అమ్మ. కన్నతల్లి ఆ మాటంటే ఇక నేను ఎవరికి చెప్పుకోను?

బేరం చాలాసేపు నడిచింది. బాతులు ఒక బాతయ్యాయి, బాతు కాస్తా ఉడికించిన గుడ్లయింది. స్టవ్వు పడవలోనే ఉండిపోతుంది. ఇన్షిరా ఒక్కో వంటకం వదులుకుంటుంటే బంగారు గాజులు తీసి ఇస్తున్నట్టు మొహం పెట్టింది.

"ఇంకో మాట," అంది సబ్రీన్. "పండగ చేప మిగిలినా ఆ పొద్దున ఎవరూ ముట్టుకోకూడదు. అది ఉప్పులో ఊరిన చేప, నాలుక పిడచగడుతుంది. ప్రతి గింజ దగ్గరా ఆగుతాం, ఆగిన ప్రతిసారీ తాగుతాం. దాహం వేసినా వేయకపోయినా తాగాల్సిందే. సరేనా?"

సరేనన్నాం అందరం. పిచ్చిపిల్ల అక్కడే మోసపోయింది. మా ఇంట్లో సరే అంటే ఒప్పుకున్నామని కాదు, ఇక పడుకుందామని.

వసంతం వచ్చిందని చేసుకునే షమ్ ఎల్ నెసీమ్ పండగ సోమవారం. ఊరంతా ఒడ్డునే ఉల్లిపాయలూ, రంగుల గుడ్లూ, ఉప్పు చేపా తిని పాటలు పాడింది. మంగళవారం పొద్దున సబ్రీన్ రేవు దగ్గర పడవ కడుగుతుండగా మేం ముగ్గురం వంటింట్లో నిలబడి మిగిలిన చేప తినేశాం. పారేస్తే పాపం కదా అన్నది మా అమ్మ వాదన. నిజం చెప్పాలంటే వాదన ఏమీ అక్కర్లేకపోయింది, అంత బాగుంది చేప.

ఆఫీసు మనిషి మునీర్ సారు సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మా అమ్మ చెయ్యి పట్టుకుని పడవెక్కించి, "మీరు నడవగలరా అమ్మా?" అని అడిగాడు.

"నీకంటే ముందు చేరతాను నాయనా," అందామె. వయసు డెబ్బై దాటినా మా అమ్మ కాళ్ళు గట్టివి. జీవితమంతా కూర్చోవడానికి ఆమెకి తీరిక దొరికింది లేదు.

అవతల దిగాక సబ్రీన్ ముందు నడిచింది. మామూలుగా వంచుకుని ఉండే తల ఆ ఒడ్డున అడుగు పెట్టగానే పైకి లేచింది. రాళ్ళెక్కడ జారతాయో చెప్పింది. నక్క అడుగులు చూపించింది. దగ్గు ఒక్కసారి కూడా రాలేదు. వెనకాల నడుస్తూ నేను లోలోపలే దేవుణ్ని బతిమాలుకున్నాను, ఈ పని దీనికే ఇప్పించు అని.

మొదటి గింజ దగ్గర ఆగాం. "తాగండి," అని చెప్పి సబ్రీన్ ముందు బాట ఎలా ఉందో చూడటానికి మిట్ట ఎక్కింది.

నేను నా సీసా మూత తీశాను. ఎదురుగా అతిథి ఉన్నాడు. అతిథి చూస్తుండగా నా సీసా నేనెత్తి గటగటా తాగడానికి నేనేమైనా పశువునా? సీసా ఆయనకి చాచాను. "తాగండి సారూ."

"మీరు తాగండి, నాకు దాహం లేదు," అన్నాడాయన. ఆయన సీసా తీసి మా అమ్మకి చాచాడు. "పెద్దవారు, ముందు మీరు."

"నాకెందుకు నాయనా, నేను ఇంట్లో తాగొచ్చాను. కోడలా, నువ్వు తాగు."

"మీరు తాగకుండా నేనా అత్తా? నా గొంతు దిగుతుందా?" అని ఇన్షిరా తన సీసా నాకిచ్చింది. నేను దాన్ని మళ్ళీ సారుకిచ్చాను. సబ్రీన్ తిరిగొచ్చేసరికి ఎవరి సీసా వాళ్ళ సంచిలోకి వెళ్ళిపోయింది.

"తాగారా?"

"అల్లా దయ," అన్నాం అందరం. అది అవునన్నట్టూ ఉంటుంది, కాదన్నట్టూ ఉంటుంది.

రెండో గింజ దగ్గర ఎండ ముదిరింది. చేప లోపల్నించి గోకడం మొదలుపెట్టింది. పక్కనే కంటి నిండా సరస్సు, ఒక్క గుక్క కూడా తాగడానికి పనికిరాని ఉప్పు సరస్సు. సబ్రీన్ తాగమని చెప్పి, మెత్తటి ఇసకలో గట్టి దారి వెతకడానికి మళ్ళీ ముందుకెళ్ళింది. ఈసారి సారు పెదాలు తెల్లబడటం నేను చూశాను. జాలేసింది. జాలేస్తే నాకు కోపం కూడా వస్తుంది, అది నా జబ్బు.

"సారూ, మీరు తాగకపోతే నా పెళ్ళానికి తలాక్!" అని ఒట్టేశాను.

మునీర్ సారు మొహం ఎర్రబడింది. "మీరు నాకంటే ముందు తాగకపోతే నా భార్యకీ తలాక్!" అన్నాడు.

ఇక చూడండి మా తెలివి. నేను ముందు తాగకపోతే ఆయన కాపురం కూలుతుంది, ఆయన తాగకపోతే నాది కూలుతుంది. నేను ముందు తాగితే ఇద్దరివీ నిలబడతాయని ఆ ఎండలో ఏ ఒక్కరికీ తట్టలేదు. ఇద్దరం చెరో సీసా పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం.

ఇన్షిరా మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాను. నన్ను నీళ్ళ సీసా మీద పందెం పెడతావా? ఇంటికి పద, నీ సంగతి చెప్తాను."

అంతలో సబ్రీన్ కేకేసింది, దారి దొరికింది రమ్మని. సీసాలు మళ్ళీ సంచుల్లోకి వెళ్ళాయి, ఒట్లు గాల్లో వేలాడుతూ ఉండిపోయాయి.

ఒంటె మెడ కనిపించింది. నల్లగా, నీళ్ళ మీదికి వంగి, ఇదిగో వచ్చేశావు అన్నట్టుంది. సబ్రీన్ వెనక్కి తిరిగి నా వైపు చూసి నవ్వింది. ఫ్యాక్టరీకి పోయిన రోజు నుంచి ఆ నవ్వు నేను చూడలేదు. సరిగ్గా అప్పుడే నా పక్కన మా అమ్మ బాట మీద కూర్చుండిపోయింది. కూర్చోవాలని కూర్చోలేదు. కాళ్ళే ఆమెని దించేశాయి.

"ఏం లేదు, చెప్పులో రాయి," అంది. మాట ముద్దగా వచ్చింది.

సబ్రీన్ పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది, నుదురు తాకింది. చెమట లేదు. ఆమె భుజాన ఉన్న సంచి లాగి విప్పింది. రెండు సీసాలూ నిండుగా ఉన్నాయి. నా సంచి లాగింది, నిండుగా ఉంది. వాళ్ళమ్మది నిండుగా ఉంది. మునీర్ సారు సంచి ముట్టుకోలేదు కానీ ఆయనే తలొంచుకుని తెరిచి చూపించాడు.

అది మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే చూసింది. కోపం వస్తుందనుకున్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీళ్ళు మోసుకుంటూ దాహంతో చస్తారా? ఎవర్ని చూసి సిగ్గుపడ్డారు?"

"పెద్దదాన్ని నేను ముందు తాగితే జనం ఏమనుకుంటారే?" అంది మా అమ్మ.

"ఏ జనం నానమ్మా? ఇక్కడెవరున్నారు?" నీళ్ళలో గులాబీరంగు కొంగల గుంపొకటి నిలబడి ఉంది. సబ్రీన్ వాటి వైపు చెయ్యి చూపించింది. "అవేనా జనం? అవి పోయి ఊళ్ళో చెప్తాయా?"

సీసా మా అమ్మ పెదాల దగ్గర పెట్టి తల వెనక పట్టుకుంది. "తాగు. కొంచెం. ఇంకొంచెం." తర్వాత లేచి నిలబడి మా ముగ్గురికీ చెప్పింది. బతిమాలలేదు. "మీరూ. ఇప్పుడే. నా కళ్ళ ముందు. సారూ, మీరు కూడా."

మునీర్ సారు నా వైపు ఒకసారి చూశాడు. నేను ఎత్తి తాగాను, వెంటనే ఆయనా తాగాడు. ఇద్దరి కాపురాలూ నిలిచాయి. ఇన్షిరా మా ఇద్దరి వైపూ చూడకుండా తాగింది.

మా అమ్మ తలగుడ్డ తడిపి, రాయి నీడలో పడుకోబెట్టి, సబ్రీన్ ఎండ వంక చూసింది. తర్వాత ఒంటె మెడ వంక చూసింది.

"వెనక్కి పోదాం," అంది.

నేను ఒప్పుకోలేదు. "వెనక్కేంటే? కనిపిస్తూనే ఉందిగా! అమ్మ దగ్గర మీ అమ్మ ఉంటుంది. మనం పోయి ముట్టుకుని వద్దాం."

"ముగ్గురిని తీసుకెళ్ళాలి నాన్నా. ముగ్గురినీ తీసుకురావాలి."

"నేను మోస్తాను మీ నానమ్మని! ఒంటె మెడ దాకా మోస్తాను!"

"నన్ను లేపండి, నడుస్తాను," అంది మా అమ్మ కళ్ళు తెరవకుండానే. "దీని నోటికాడి ముద్ద నేను లాగేస్తానా?"

"మీరిద్దరూ నోరు మూసుకోండి," అంది నా కూతురు.

మా ఇంట్లో పెద్దవాళ్ళతో ఆ మాట ఎవరూ అనలేదు. నేనైతే మా నాన్న ముందు సిగరెట్టు కూడా కాల్చి ఎరగను. కానీ ఆ గొంతు విన్నాక నేను నిజంగానే నోరు మూసుకున్నాను. ఎండ కాస్త తగ్గేదాకా ఆ నీడలోనే ఉంచి, ప్రతి ఆగుడులోనూ తన చేత్తో తాగించి, మమ్మల్ని పడవ దాకా నడిపించింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఒంటె మెడ వైపు చూడలేదు. నేను చూశాను, చాలాసార్లు చూశాను.

పడవలో మునీర్ సారు, "తప్పు నాది కూడానమ్మా. పెద్దావిడ తాగకుండా నేనెలా తాగేది అనుకున్నాను," అన్నాడు. "కానీ చివరిదాకా వెళ్ళలేదు. వెళ్ళామని నేను చెప్పలేను."

"మీరు చెప్పొద్దు సారూ."

"వచ్చే మంగళవారం ఇంకొకమ్మాయి వంతు ఉంది. ఆమె రానని కబురు పంపింది. ఆ రోజు నీకిస్తాను. ఇదే ఆఖరు. ముగ్గురిని వేరేవాళ్ళని చూసుకో."

"వీళ్ళనే తీసుకొస్తాను," అంది సబ్రీన్. "వీళ్ళని నడిపించగలిగితే నేను ఈజిప్టులో ఎవర్నైనా నడిపిస్తాను."

ఆ వారం మా ఇంట్లో వంట గురించి ఒక్క మాట లేదు. మాటలన్నీ తాగడం గురించే. నీలం గుడ్డ మళ్ళీ పరిచాం, గింజలు మళ్ళీ పేర్చాం. ఎవరి సీసా వాళ్ళు రాయి వెనక్కెళ్ళి తాగొద్దామని ఇన్షిరా అంది. ఒకరికొకరు వీపు తిప్పి తాగుదామని నేనన్నాను.

"దొంగతనం చేస్తున్నట్టా?" అంది సబ్రీన్. "రేపు నాతో వచ్చేవాళ్ళందరికీ వీపులు తిప్పమని చెప్పనా? అందరూ ఎవరో ఒకరు మొదలుపెట్టాలని చూస్తారు. ఎవరూ మొదలుపెట్టరు. అతిథి తాగకుండా మనం తాగం, పెద్దవాళ్ళు తాగకుండా అతిథి తాగడు, పిల్లలు తాగకుండా పెద్దవాళ్ళు తాగరు. ఈ ముడి ఎక్కడ విప్పాలో నాకు తెలీడం లేదు."

మా అమ్మ మూల కూర్చుని పప్పు ఏరుతోంది. ఆమెని ఎవరూ అడగలేదు.

మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె అందరితో కూర్చుని కడుపు నిండా తినడం మేమెవరం ఎరగం. వండుతూ రుచి చూశాను, కడుపు నిండిపోయింది అనేది. చేపలు పడని ఏడాది కూడా అదే మాట. చేప తలా, రొట్టె మాడిన అంచూ, గిన్నె అడుగున మిగిలిందీ ఆమెవి. అది ఆమె పేదరికం అనుకోకండి, అదే ఆమె పరువు. జకియ్యా చెయ్యి అందరి తర్వాత పళ్ళెంలోకి వెళ్తుందని ఊళ్ళో పేరు. యాభై ఏళ్ళు కూడబెట్టుకున్న పేరది. ఆమెకి వేరే ఆస్తి లేదు.

మంగళవారం వచ్చింది. చేప లేదు, కెటిల్ లేదు. మునీర్ సారు వచ్చాడు, పడవెక్కాం, దిగాం, నడిచాం. సబ్రీన్ మొహం పాలిపోయి ఉంది. ఆ పొద్దున అది దగ్గడం విన్నాను. మొదటి గింజ దగ్గర, పెద్ద రాయి నీడలో ఆగాం. ఈసారి అది మిట్ట ఎక్కలేదు. మా ఎదురుగానే నిలబడి, "తాగండి," అంది.

సంచులు తెరుచుకున్నాయి. సీసాలు బయటికొచ్చాయి. నా చెయ్యి దానంతటదే సారు వైపు లేవబోయింది, అలవాటు ఎక్కడికి పోతుంది? సారు చూపు మా అమ్మ వైపు పోయింది. ఇన్షిరా కూడా అటే చూసింది. సబ్రీన్ పెదవి కొరుక్కుంది.

మా అమ్మ ఎవరి వైపూ చూడలేదు. సీసా మూత తిప్పి, రెండు చేతులతో ఎత్తి, నోటికి పెట్టుకుంది. గుటక గుటకకీ చప్పుడయ్యేలా తాగింది. నీళ్ళు గడ్డం మీదుగా కారి నల్ల గౌనుని తడిపాయి. సగం సీసా అయ్యేదాకా దించలేదు. ఆ ముసలి గొంతు అలా పైకీ కిందికీ ఆడుతుంటే నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆమె మూతి తుడుచుకుంది. "ఏం చూస్తున్నారు? పెద్దది తాగింది, ఇంక మీకేం అడ్డం?" అంది మాతో.

ఇక ఎవరు కాదంటారు? సారు తాగాడు, ఇన్షిరా తాగింది, నేను తాగాను. సబ్రీన్ మాత్రం సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నానమ్మా," అంది.

మా అమ్మ అప్పటికే లేచి సంచి భుజాన వేసుకుంది. కొంగల గుంపు ఆ రోజు కూడా అక్కడే నీళ్ళలో ఉంది. ఆమె వాటి వైపు తిరిగి గొంతెత్తింది.

"జకియ్యా అందరికంటే ముందు తాగింది! పోయి ఊరంతా చెప్పుకోండి!"

కొంగలు లేచి ఒంటె మెడ వైపు ఎగిరాయి. వాటి వెనకే మేమూ నడిచాం.